బతికుండగా అత్త విన్న డప్పు

మా అత్తది చేపలు కోసే చెయ్యి. చెంప మీద పడిందంటే చెవి గింగురుమంటుంది. ఆ చేత్తో నన్ను కొట్టింది, నా మొగుణ్ణి కొట్టింది, నెల్లూరు ఆస్పత్రిలో డాక్టరు గారినీ వదల్లేదు. ఆమె కాలు నిలబడాలంటే ఆ దెబ్బలు తినడం తప్ప మాకు వేరే దారి లేకపోయింది.

మైపాడు ఒడ్డున వల దులుపుతుంటే జెల్ల చేప ముల్లు పాదంలో దిగింది. అసలే షుగరు మనిషి. ఆస్పత్రికి పోదాం అంటే వింటుందా? పసుపు అద్ది, గుడ్డ చుట్టి, గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగింది. మేము బలవంతాన ఆటో ఎక్కించేసరికి బొటనవేలి చుట్టూ నల్లబడి, ఒకటే కంపు. కుళ్ళిన కండ రోజూ గీకి తీసి కట్టు కట్టాలన్నారు డాక్టరు గారు. గుండె బలహీనం, పూర్తి మత్తు ఇస్తే లేవదట. అందుకని పైపైన తిమ్మిరి సూది వేసి గీకేవారు.

పాదం పట్టుకోవడం నా పని. రెండు చేతులతో మడమ బిగించి కూర్చుంటే రెండో కాలితో గుండెల మీద తన్నేది. "నీ చేతులు పడిపోనూ! వదులు మే!"

నాకు మాత్రం కోపం రాదా? "తన్ను అత్తా, తన్ను! కాలు పొయినాక దేంతో తంతావో నేనూ చూస్తా!" అని అరిచేదాన్ని.

అక్కడ కేరళ నుంచి వచ్చిన నర్సు పిల్ల ఒకతి ఉండేది. పాట వింటుంటే భయం తగ్గుతుంది, నొప్పి మీద నుంచి మనసు మళ్ళుతుంది అని, తన చిన్న స్పీకరు తెచ్చి దిండు పక్కన పెట్టింది. ముసలామె కదా, భక్తి ఉంటుందనుకుని, గంభీరమైన మగ గొంతుతో సాగే శ్లోకాలు ఎంచింది. పాపం, ఆ పిల్లకేం తెలుసు! మా వైపు ఆ శ్లోకాలు వినపడ్డాయంటే వీధిలో ఎవరో పోయారని అర్థం. శవం పక్కన పెడతారు, శవాల బండికి మైకు కట్టి పెడతారు. బతికున్న మనిషి మంచం దగ్గర ఎవరూ పెట్టరు.

నేను ఆపమనేలోపే అత్త లేచి కూర్చుంది. "నన్ను చంపేస్తిరి గదే! ఊపిరుండంగానే సాగనంపతా ఉండారే!" స్పీకరు తీసి గోడకేసి కొట్టింది. నర్సు జుట్టు పట్టి వంచింది. విడిపించబోయిన డాక్టరు గారి ముంజేయి కొరికింది. గిన్నెలు, కత్తెరలు నేలంతా దొర్లాయి.

వరండాలో ఉన్న నా మొగుడికి ముందు శ్లోకం వినపడింది, తర్వాత తల్లి కేక. ఇంకేం కావాలి? తలుపు తన్నుకుని వచ్చి, "మాయమ్మను చంపేసినావు గదరా!" అని డాక్టరు గారి గొంతు పట్టుకున్నాడు. అత్త మంచం మీద నుంచే కొడుకు వీపు మీద ఒక్కటి చరిచింది. "బతికే ఉండాను రా, దున్నపోతా!"

ఈలోపు బయట మా ఆడబిడ్డ గుండెలు బాదుకుంటూ అమ్మ పోయిందని ఊరికి ఫోన్ చేసేసింది.

డాక్టరు గారు చేతి రక్తం తుడుచుకుంటూ నాతో అన్నారు. "ఈరోజు శుభ్రం చెయ్యనివ్వకపోతే చీము పైకి పాకుతుందమ్మా. రేపు కాలు తీసెయ్యాల్సిందే."

అత్త గోడవైపు తిరిగింది. "తీసెయ్యమను. కాలు లేని బతుకు నాకొద్దు. మందు తాగి చస్తా." ఆమె అన్నదంటే చేస్తుంది.

మధ్యాహ్నం గేటు ముందు ఆటోలు ఆగాయి. చావు కబురు వస్తే మా ఊళ్ళో పడవ కదలదు. వలలు పక్కన పడేసి, దండలు కొని, శవాన్ని ఊరేగించి తీసుకుపోవడానికి డప్పులతో సహా దిగారు. దిగీ దిగగానే చావు దరువు మొదలెట్టారు. కిటికీ అద్దాలు అదిరాయి. పక్క వార్డులో రోగులు ఏడుపు లంకించుకున్నారు. వాచ్‌మన్ కర్ర ఎత్తితే మావాళ్ళు ఆ కర్ర లాక్కున్నారు. ఆపించడానికి నేను పరిగెత్తబోయాను.

"ఉండు మే," అంది అత్త. "ఎవరికి వాయిస్తా ఉండారు?"

"నీకే, అత్తా."

"పడవలు ఆపినారా?"

"ఆపినారు."

"అందరూ?"

"అందరూ."

ఆమె మొహంలో కోపం పోయింది. పెళ్ళిలో ముందు వరసలో కూర్చున్నదానిలా సర్దుకుంది. "అయితే వాయించమను. నా డప్పు నేను వినకుంటే ఎట్టా? డాక్టరయ్యను రమ్మను. అది ఆగేలోపల కానీమను."

చీరకొంగు నోట్లో కుక్కుకుని, దరువుకు తగ్గట్టు మంచం కమ్మీని కొట్టడం మొదలుపెట్టింది. కత్తి దిగినప్పుడల్లా కమ్మీ మోగిపోయింది. మధ్యలో కొంగు ఉమ్మేసి కిటికీ వైపు అరిచింది. "గట్టిగా రా! కూడు తిన్లేదా?" పాదం నా చేతుల్లో వణికింది కానీ వెనక్కి లాక్కోలేదు. అంతా అయ్యాక మాత్రం, అలవాటు పోకుండా, నన్నొక తన్ను తన్నింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

నర్సు పిల్ల ఆ డప్పును ఫోన్‌లో పట్టి పెట్టుకుంది. తర్వాత రోజూ కట్టు కట్టేటప్పుడు తలుపులు మూసి అదే పెట్టేది. బొటనవేలు పోయింది, కాలు దక్కింది. గంప మళ్ళీ నెత్తికెక్కింది.

నిరుడు అత్త నిద్రలోనే పోయింది. ఎవరో శ్లోకాలు పెట్టబోతే ఆ స్పీకరు నేనే నేలకేసి కొట్టాను. డప్పులవాళ్ళు వచ్చి దరువు అందుకోగానే నా చేతులు వాటంతటవే పోయి ఆమె మడమ బిగించి పట్టుకున్నాయి. ఆడవాళ్ళు లాగినా వదల్లేదు.

"తన్ను అత్తా, తన్ను," అన్నాను.

తన్నలేదు.