పాత ప్రతిలో లేని వాక్యం

పర్వతాలను స్థిరపరచిన దేవునికి స్తోత్రం.

నిజాం రోజుల్లో పాలమూరులోని మా మిషన్ అచ్చుకూటంలో అక్షరాలు పేర్చే పెద్దాయన ఒకరుండేవారు. పేజీ పూర్తయ్యాక సీసపు అక్షరాలను వేలితో తడిమి చదువుకునేవారు.

ఒకసారి మంచుకొండలెక్కిన తెల్లదొరల గురించిన పాత పుస్తకాన్ని మళ్లీ అచ్చువేస్తున్నాం. ప్రూఫు దిద్దుతూ అదిరిపడ్డాను. పాత ప్రతిలో లేని వాక్యం ఒకటి చేరింది: “మూటలు మోసిన కూలీలు కూడా శిఖరమెక్కారు.”

“ఇదేంది పెద్దయ్యా? ఉన్నదున్నట్టు పేర్చాలె గద!”

“మూటలు గాలికి ఎక్కినయా పంతులూ? మా బాపు వెట్టిల దొర పరుపు మోస్తనే అచ్చంపేట గుట్ట మీద పానం ఇడిసిండు. ఎవ్వలన్న రాసిన్రా?”

అయినా ఎర్రసిరాతో ఆ వాక్యాన్ని కొట్టేశాను. ఆయన ఒక్కో అక్షరాన్నీ పీకి అరలో వేశారు.

కొట్టేసిన చెయ్యి నాదేనంటే ఇప్పటికీ నమ్మలేకున్నాను. ప్రభువు నన్ను క్షమించాలని నాతో కలిసి ప్రార్థించండి.