ఠంగు డాక్టరుగారి చేతికి కళ్లజోడు పరీక్ష

ఠంగు డాక్టరుగారి చేతిలో ప్రాణం నిలుస్తుంది గానీ వస్తువు నిలవదు. ఆయన ఆపరేషను గదిలో అడుగుపెట్టారంటే ఏదో ఒకటి కిందపడి ఠంగుమనాల్సిందేనని ఆసుపత్రిలో అందరి నమ్మకం. ఒకరోజు కత్తెర, ఒకరోజు స్టీలు గిన్నె, మరీ ఉత్సాహంగా ఉంటే ట్రే మొత్తం. కన్నవాళ్లు పెట్టిన పేరు జీతాలిచ్చే ఆఫీసుకు తప్ప ఎవరికీ గుర్తులేదు. పేషెంట్లు కూడా "ఠంగు డాక్టరుగారున్నారా?" అనే అడిగేవారు. ఆయన కూడా "ఉన్నానయ్యా, రా" అని పలికేవారు.

మనిషి ఆరడుగుల పైమాట. చేటంతేసి చేతులు. ఆ చేతులతోనే ఎంత సన్నటి సూదిలోకైనా దారం మొదటిసారికే ఎక్కించేవారు. జారినది ఏదైనా నేల మీదే పడేది, పేషెంటు మీద ఏనాడూ పడలేదు. పడగానే చెవులదాకా నవ్వి "పాడు చెయ్యి! మళ్లీ జారింది" అనేవారు. ఈ బాధ పడలేక థియేటరు సిస్టరు ఆయన కోసమని ఇంకో సెట్టు శుభ్రం చేసి పక్కన సిద్ధంగా పెట్టుకునేది.

"చిన్నప్పుడు మీ పిల్లల్ని ఎవరు ఎత్తుకున్నారు సార్?" అని ఓసారి సిస్టరు ఉండబట్టలేక అడిగింది.

"మా ఆవిడే. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, చుట్టూ దిండ్లు పేర్చి, అప్పుడు ఒళ్లో పెట్టేది."

చిన్న డాక్టరమ్మ సర్జరీ నేర్చుకోవడానికి ఆ ఆసుపత్రికి కొత్తగా వచ్చింది. వచ్చిన రోజే ఆమె కాళ్ల దగ్గర ఒక గిన్నె ఠంగుమని పడి గిరగిరా తిరిగింది. బెదిరిపోయి చుట్టూ చూసింది. ఒక్కరూ తల ఎత్తలేదు. ఇదేం ఆసుపత్రిరా భగవంతుడా అనుకుంది. అప్పుడు మొదలైన అయోమయం ఆమెను చాలాకాలం వదల్లేదు.

ఆ రోజుల్లోనే వరండా చివర పాత సామాన్ల గది ఖాళీ చేసి, అందులో వర్చువల్ రియాలిటీ మెషీను పెట్టారు. అందరూ దాన్ని కళ్లజోడు గది అనేవారు. ముఖానికి పెద్ద కళ్లజోడు, రెండు చేతులకూ రెండు పిడులు. పెట్టుకుంటే చాలు, ఎదురుగా ఆపరేషను గది, బల్ల మీద పేషెంటు. కోస్తే రక్తం వస్తుంది, కుడితే ఆగుతుంది. తప్పు చేస్తే తియ్యటి ఆడగొంతు ఒకటి "మీ పేషెంటు మరణించారు. మళ్లీ ప్రయత్నిస్తారా?" అని అడుగుతుంది. టిఫిను ఇంకోటి వడ్డించమంటారా అన్నంత మర్యాదగా అడుగుతుంది. ఇంకో సౌకర్యం కూడా ఉంది. చేతిలో పరికరం ఎక్కడ వదిలేస్తే అక్కడే గాల్లో నిలబడుతుంది. మళ్లీ కావలసినప్పుడు అక్కణ్ణుంచే అందుకోవచ్చు.

చిన్న డాక్టరమ్మకు ఆ గది ప్రాణమైపోయింది. తీరిక దొరికితే అక్కడే ఉండేది. మొదట్లో పేషెంట్లు వరసగా పోయేవారు. పోనుపోను బతకడం మొదలుపెట్టారు. ఆ సంతోషంలో ఇంటికి ఫోను చేసింది.

"ఇవాళ ఆపరేషను చేశానమ్మా. బాగా వచ్చింది."

"మా తల్లే! పేషెంటు ఎలా ఉన్నాడు?"

"పేషెంటు లేడమ్మా."

"అయ్యయ్యో, పోయాడా?"

"పోవడానికి అసలు ఉంటే కదా! కళ్లజోడులో ఉంటాడు, తీసేస్తే ఉండడు."

వాళ్లమ్మ మెల్లగా "వేళకు నిద్రపోతున్నావా తల్లీ?" అంది.

ఇక పెద్దమేడం సంగతి. సర్జరీ విభాగానికంతటికీ ఆవిడే పెద్ద. ఒకప్పుడు ఠంగు డాక్టరుగారి దగ్గరే పని నేర్చుకుంది. ఇప్పుడు ఆయన మీద అధికారి. ఆవిడకు చప్పుడంటే గిట్టదు. ఓ రోజు ఆయన్ని పిలిచి కూర్చోబెట్టింది.

"సార్, మీరు నాకు గురువులు. అయినా చెప్పక తప్పడం లేదు. వయసు మీద పడుతోంది, చెయ్యి వణుకుతోందేమో. కళ్లజోడు గదిలో ఒక్కసారి పరీక్ష చేయించుకోండి."

"ఓ, దానికేం భాగ్యం!" అన్నారాయన.

పరీక్ష చూడటానికి జనం తలుపు దగ్గర కిక్కిరిసిపోయారు. ఠంగు డాక్టరుగారు కళ్లజోడు తగిలించుకుని, గోడకు నమస్కారం పెట్టి, "భయపడకు బాబూ, క్షణంలో అయిపోతుంది" అని ఖాళీ నేలకు ధైర్యం చెప్పి పని మొదలుపెట్టారు. ఇప్పుడేదో పడుతుందని సిస్టరు ముందే చెవులు మూసుకుంది. ఏమీ పడలేదు. మెషీను మాత్రం తియ్యటి గొంతుతో "చేతిలో వణుకు లేదు. ఇప్పటివరకు ఇదే అత్యుత్తమ ఫలితం" అంది.

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మెషీను ఆపి మళ్లీ పెట్టారు. మళ్లీ అదే మాట. "నేను చూస్తానుండండి" అని పెద్దమేడం తనే కళ్లజోడు పెట్టుకుంది. ఆవిడకు "కొద్దిగా వణుకు ఉంది, సాధన అవసరం" అని వచ్చింది. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి "మెషీను చెడిపోయింది" అని తేల్చేసింది.

చిన్న డాక్టరమ్మకు మాత్రం బుర్ర వేడెక్కిపోయింది. కళ్లజోడులో రాయిలా నిలిచే చెయ్యి అసలు గదిలో ఎందుకు జారుతుంది? చేతి తొడుగులు వదులా? దీపాల వేడికి చెమటా? కొన్నాళ్లు ఆయన చేతుల్నే గమనించింది. అనుభవమున్న డాక్టర్లతో చేసిన రోజుల్లో పొద్దుటినుంచి సాయంత్రందాకా గుండుసూది కూడా పడలేదు. కొత్తవాళ్లెవరైనా పక్కనుంటే మాత్రం ఠంగు! ఆమె అయోమయం తగ్గకపోగా రెట్టింపయింది.

"సిస్టరమ్మా, సార్‌కి కొత్తవాళ్లంటే భయమా?"

"నన్నడక్కమ్మా. నేను గిన్నెలు ఏరుకునేదాన్ని" అంది సిస్టరు, మొహం పక్కకు తిప్పుకుని.

ఇంతలో చిన్న డాక్టరమ్మ మొదటి అసలు ఆపరేషను రానే వచ్చింది. అపెండిక్సు. పక్కన నిలబడి చేయించేది ఠంగు డాక్టరుగారు. పెద్దమేడం కబురు చేసింది: "ఆ రోజు నేనూ వస్తాను. మీ చేతిలోంచి ఏదైనా జారిందో, ఇక ఆపరేషన్లు మానేసి ఓపీలో కూర్చుని చీటీలు రాసుకోండి సార్." అది విని ఆయన మొహం వాడిపోయింది. ఆపరేషను లేని ఆదివారం ఆయనకు అన్నం సహించదని అందరికీ తెలుసు. చిన్న డాక్టరమ్మకు జాలేసింది.

"సార్, ఇవాళ కాస్త గట్టిగా పట్టుకోండి సార్."

"నా సంగతికేం గానీ అమ్మడూ, నువ్వు తిన్నావా?"

బల్ల మీద మధ్యవయసు ఆవిడ మత్తులో ఉంది. బయట బెంచీ మీద భర్త కూర్చున్నాడు. పెద్దమేడం చేతులు కట్టుకుని మూలన నిలబడింది. చిన్న డాక్టరమ్మ కోత మొదలుపెట్టింది. కళ్లజోడు గదిలో పడ్డ శ్రమ ఊరికే పోలేదు. చెయ్యి చెప్పిన మాట విన్నది. ఇంత హాయిగా ఉంటుందా అనుకుంటూ, దారం అందుకోవడానికి చేతిలోని ఫోర్సెప్సును అలవాటుగా గాల్లో వదిలేసింది.

ఠంగు!

గదిలో అన్ని తలలూ ఇటు తిరగబోయాయి. ఆమె దారం కోసం చాచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. "మళ్లీ ప్రయత్నిస్తారా?" అనే గొంతు కోసం చెవులు వెతుక్కున్నాయి. ఇక్కడ ఆ గొంతు లేదు. ఆగిపోతే మళ్లీ మొదలుపెట్టడమంటూ లేదు.

తలలు పూర్తిగా తిరిగేలోపే ఠంగు డాక్టరుగారి మోచెయ్యి పక్కబల్లకు తగిలింది. స్టీలు గిన్నె ఎగిరిపడింది. దాని వెనకే ట్రే, ట్రే వెనకే ఇంకో గిన్నె. ఆఖరిది దొర్లుకుంటూ పోయి పెద్దమేడం కాళ్ల దగ్గర చక్కర్లు కొట్టింది.

"పాడు చెయ్యి! మళ్లీ జారింది" అన్నారాయన పెద్దగా. ఆ గోలలోనే గొంతు తగ్గించి "వాళ్లంతా నన్ను చూస్తున్నారులే తల్లీ. నీ పని నువ్వు కానీ" అన్నారు.

నిజంగానే అందరూ ఆయన్నే చూస్తున్నారు. సిస్టరు కొత్త సెట్టు చేతికందించింది. చిన్న డాక్టరమ్మ గుండెల నిండా గాలి పీల్చుకుంది. దారం అందుకుంది. ఆపరేషను చక్కగా పూర్తయింది.

చేతులు కడుక్కునే చోట పెద్దమేడం ఎదురుచూస్తోంది. "సార్, రేపటినుంచి ఓపీ" అంది.

"అలాగేనమ్మా" అన్నారాయన, నురగ పట్టిన చేతుల్లోకి చూసుకుంటూ.

పక్కనే చేతులు కడుక్కుంటున్న చిన్న డాక్టరమ్మ కొళాయి కట్టేసింది. నోరు తెరిస్తే తన మొదటి ఆపరేషనుకే చెడ్డపేరు. తెరవకపోతే ఆయనకు ఆపరేషను గదే లేదు.

"మేడం, మొదటి చప్పుడు నాది" అంది గబుక్కున. "ఫోర్సెప్సు నేనే పడేశాను. గాల్లో వదిలేశాను మేడం."

"గాల్లోనా?"

"కళ్లజోడులో అలాగే నిలబడుతుంది. ఇక్కడా నిలబడుతుందనుకున్నాను. దాని తర్వాతే సార్ గిన్నెలు పడేశారు."

పెద్దమేడం మెల్లగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"నా మొదటి ఆపరేషనులో నా చేతిలోంచి కత్తెర జారింది. అప్పుడే సార్ ట్రే మొత్తం పడేశారు. ఆయనదంత పెద్ద తప్పు, నాదింత చిన్నది అని సర్దిచెప్పుకుని ఇన్నేళ్లూ ధైర్యంగా నెట్టుకొచ్చాను." తలెత్తి ఆయన్ని నిలదీసింది. "నిజం చెప్పండి సార్, కావాలనే పడేస్తారా?"

"ఛఛ! నిజంగానే జారుతుందమ్మా."

"మరి మెషీను అలా చెప్పిందేం?"

"చెడిపోయిందని నువ్వే అన్నావుగా."

పెద్దమేడం సిస్టరు వైపు చూసింది. సిస్టరు మాస్కు ఇంకాస్త పైకి లాక్కుంది. దాని వెనక బుగ్గలు కదులుతున్నాయి.

"సరే, వినండి సార్" అంది పెద్దమేడం లేచి నిలబడి. "ఓపీ లేదు, ఏమీ లేదు. ఇకమీదట కొత్తవాళ్ల మొదటి ఆపరేషనంటే పక్కన మీరే ఉండాలి."

"మరి చెయ్యి జారితేనో?"

"జారాలి సార్. ఇది నా ఆర్డరు."

ఆయన చేతులు తుడుచుకోవడం మరిచిపోయి నీళ్లు కారుతుండగా అలాగే నిలబడిపోయారు. కొన్నాళ్లపాటు ఎదురుపడ్డవాళ్లందరికీ "నిజంగానే జారుతుందయ్యా" అని చెప్పుకు తిరిగారు. ఆయన అంత గట్టిగా చెబుతుంటే, మెషీనును నమ్మాలో సారును నమ్మాలో చిన్న డాక్టరమ్మకు ఓ పట్టాన అర్థం కాలేదు. సిస్టరు మాత్రం ఆపరేషను జరిగిన సాయంత్రమే పెద్దమేడం దగ్గరికి వెళ్లి, ఉన్న గిన్నెలన్నీ సొట్టలు పడ్డాయని, ఈసారి కాస్త మందంగా ఉన్నవి చూసి తెప్పించమని అడిగింది.