హై రిజల్యూషన్‌లో అమ్మ కూనిరాగం

కొత్త ఫోను కొంటే మనిషికి కొత్త చెవులు కూడా వస్తాయని నేను మనసారా నమ్మిన రోజులవి. తెలంగాణ వచ్చిన కొత్తలో మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం దొరికి, మొదటి స్మార్ట్‌ఫోను చేతికొచ్చింది. దాని సెట్టింగుల్లో ‘హై రిజల్యూషన్ ఆడియో’ అనే మీట ఒకటి కనిపించింది. అదేమిటో నాకు తెలియదు (ఇప్పటికీ పూర్తిగా తెలియదు). అయినా నొక్కాను. నొక్కినప్పటి నుంచి అందరి ఫోన్లనూ జాలిగా చూడటం మొదలుపెట్టాను. గదిలో నాతో ఉండే దోస్తుకు ఒకే పాటను ఆ మీట వేసి ఒకసారి, తీసి ఒకసారి వినిపించాను. వాడు కళ్లు మూసుకుని శ్రద్ధగా విని, రెండోదే బాగుందన్నాడు. వాడికి చెవులు సరిగా లేవని తేల్చేశాను.

ఆ ఊపులోనే ఒక ఆదివారం నల్గొండ దగ్గరి మా ఊరికి పోయి, బాపు (మా నాన్న) పాట రికార్డు చేస్తానని ప్రకటించాను. బాపు వారమంతా మేస్త్రీ కింద ఇటుకలు మోసి, ఆదివారం చర్చిలో ఢోలక్ వాయిస్తూ పాడేవాడు. అమ్మ గొంతు అంతకన్నా బాగుంటుందని ఊళ్లో అనేవారు గానీ, ఫోను ముందు పాడమంటే తనకు సిగ్గని వంటింట్లోకి పోయింది. బాపు మాత్రం ఇస్త్రీ చొక్కా విప్పకుండా ఢోలక్ ముందు పెట్టుకుని కూర్చున్నాడు (రికార్డింగులో చొక్కా కనపడదని చెప్పినా వినలేదు). నేను ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, కోళ్లను బయటికి తరిమి, గోడ గడియారాన్ని దుప్పట్లో చుట్టేశాను. ఎండాకాలం. బాపు చెమటలు కక్కుతూనే పాట ఎత్తుకున్నాడు. పల్లవి దాటిందో లేదో, ఫోను జాగా లేదని ఆగిపోయింది.

అంత మేలైన శబ్దం అంత జాగా తింటుందని అప్పుడే తెలిసింది. పనికిరాని యాప్‌లు తీసేద్దామంటే, కంపెనీవాళ్లు ముందే వేసి పంపినవి ఒక్కటీ కదల్లేదు. నిద్ర యాప్, షేర్ల యాప్, ఏ దేశానివో తెలియని వార్తల యాప్. సంగతేమిటని బాపు అడిగితే విప్పి చెప్పాను.

“కిరాయి ఇయ్యరు, ఖాళీ చెయ్యరు. గిసొంటోళ్లున్న ఇల్లు ఎట్ల కొన్నవ్‌రా?” అన్నాడు నిదానంగా.

చివరికి నా ఫోటోలు (అద్దం ముందు తీసుకున్నవే ఎక్కువ) తుడిచేసి మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి పాట మధ్యలో ఆరోగ్యం యాప్ ఒకటి ఆడగొంతుతో నీళ్లు తాగమని ఇంగ్లీషులో చెప్పింది. పాట వినడానికి వచ్చిన పెద్దమ్మ అది ప్రార్థన అనుకుని “ఆమెన్” అంది. బాపు ఆపలేదు.

పాట అయ్యాక ఇయర్‌ఫోన్లు ఆయన చెవుల్లో పెట్టి, తన గొంతు గురించి ఏమంటాడోనని చూస్తున్నాను. ఆయన తలెత్తి వంటింటి వైపు చూశాడు.

“మీ అమ్మ గూడ పాడుతాందిరా దీంట్ల.”

నేనూ విన్నాను. ఢోలక్ వెనకాల, గిన్నెల చప్పుడు మధ్య, అమ్మ కూనిరాగం. పాడనని పోయిన మనిషి పొయ్యి దగ్గర నిలబడి ప్రతి చరణానికీ రాగం తీసింది. వినిపిస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తీసెయ్యమంది. నేను తీయలేదు.

చుట్టాలకు పంపడానికి ఆ పాటను జాగా తక్కువ తినేలా కుదించాను. కొన్నేళ్లకు ఫోను నీళ్లలో పడి, అసలు రికార్డు దాంతోనే పోయింది. ఆ తర్వాత అమ్మ కూడా పోయింది. పెద్దమ్మ ఫోనులో మిగిలిన కుదించిన పాటలో బాపు ఉన్నాడు, ఢోలక్ ఉంది, పెద్దమ్మ ఆమెన్ ఉంది. అమ్మ ఉండవలసిన చోట ఇసుక రాలినట్టు సరసర మాత్రమే ఉంది.

మొన్నామధ్య బయటి శబ్దాలు చెవికి సోకనివ్వని ఖరీదైన హెడ్‌ఫోన్లు కొని, ఊరికి పోయి, అరుగు మీద కూర్చుని, ఆ సరసరలో అమ్మను వెతకసాగాను. ఎంతసేపటికో కళ్లు తెరిస్తే, ఎదురుగా బాపు పెదవులు కదులుతున్నాయి, వేళ్లు మోకాలి మీద తాళం వేస్తున్నాయి. నేను హెడ్‌ఫోన్లు లాగేసరికి పాట చివరి మాటకు వచ్చి ఆగింది. ఏం పాడావని అడిగాను.

“మీ అమ్మ ఎట్ల తీస్తుండెనో గట్ల తీసిన. ఇన్నవా?”

రెండు చెవులూ గట్టిగా మూసుకుని అమ్మ పాట కోసం వెతుకుతున్న ఆ పెద్దమనిషిని (అంటే నన్నే) తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. హెడ్‌ఫోన్లు పక్కన పెట్టి, బాపుకు దగ్గరగా జరిగాను.

“ఇనలేదు బాపూ. ఇంకోపారి పాడు.”