పసుపు లేని గడప

హుజూరాబాద్‌లోని మా ఇల్లు అమ్ముడుపోతేనే పెద్దపల్లిలో ఇంకో ఇల్లు కొనగలం. అక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న నా భార్యకు రోజూ బస్సులో నిలబడి వెళ్లే బాధ అప్పుడే తప్పుతుంది.

అందుకే గ్రంథాలయం నుంచి ఇల్లు అమ్మే పద్ధతుల మీద ఒక పుస్తకం తెచ్చి శ్రద్ధగా చదివాను. నాకు వచ్చిన చదువంతా ఆ గ్రంథాలయం పెట్టిన భిక్షే. చూడవచ్చేవాళ్లకు అది తమ ఇల్లే అనిపించాలంటే మన ఆనవాళ్లు కనబడకూడదని పుస్తకం చెప్పింది. గోడల మీది ఫొటోలు దించాను, మామిడి తోరణం తీసేశాను, గడపకున్న పసుపు, బొట్లు కడిగేసి గోధుమరంగు వేశాను.

ఆదివారం ఇల్లు చూడటానికి భార్యాభర్తలు వచ్చారు. ఆమె గడప ముందే ఆగిపోయింది.

"గడపకు పసుపు లేదేందన్నా? ఇంట్ల ఎవరన్న పోయిండ్రా?" అని మెల్లగా అడిగింది. భర్త అప్పటికే మళ్లీ చెప్పులు తొడుక్కుంటున్నాడు.

వంటింట్లోంచి మా అవ్వ ఉరికొచ్చింది. "అయ్యో, అందరం మంచిగున్నం బిడ్డా! మావోడు పుస్తకం చదివిండు, గంతే!"

ఇల్లు చూడవచ్చినామె పకపకా నవ్వింది. అవ్వ పసుపు గిన్నె తెచ్చి గడపకు రాసి, బొట్లు పెట్టి, ఆమె నుదుటన కూడా ఒకటి పెట్టింది. ఆమె కుడికాలు పెట్టి లోపలికొచ్చి అన్ని గదులూ తిరిగింది. చాయ్ తాగేలోపే మాట కుదిరింది.

వెళ్తూ వెళ్తూ నాతో అంది: "ఏ సామానన్న ఇడిసిపెట్టి పోండ్రి గని, గా పుస్తకం మాత్రం మా ఇంట్ల ఇడువకుండ్రి అన్నా."