బొటనవేలు బిగిసిందన్నా

ఆళ్లగడ్డ పాస్టరయ్య పోయారని నెల కిందట ఒక పొద్దున ఫోన్ వచ్చింది. నంద్యాలలో నా గాజుల అంగడి అప్పుడే తెరిచాను. "నిద్దర్లోనే పోయినాడన్నా" అన్నాడు అవతలి మనిషి. అయ్యో అనాలి. నేను అడిగింది మాత్రం, "జనం బాగా వచ్చినారాప్పా?" అని.

"జనం రోడ్డు పట్టల్యా" అన్నాడు.

నాకు కడుపు మండింది. పోయిన మనిషి మీద కూడా కుళ్లుకునేవాణ్ని ఈ జిల్లాలో నేనొక్కణ్నే అయ్యుంటాను.

కారణం ఉంది. అంగడి కట్టేశాక నేను మెజీషియన్ని. బడుల్లో, పెళ్లిళ్లలో ఆడతాను. నల్లకోటు, పొగ, సంగీతం అన్నీ నాకుంటాయి. ఆయనకు ఉన్నది తెల్లచొక్కా, ఒక జేబురుమాలు. అయినా చప్పట్లు ఆయనవే. ఆట మొదలుపెట్టే ముందు అరచేతులు రెండూ తిప్పి చూపించి, "అద్భుతాలు చేసేటాయప్ప పైన ఉండాడు. నేను చేసేది చేతివాటం" అనేవారు. చేతివాటమంటే చిల్లర దొంగతనం కూడా కదా. పాస్టరే ఆ మాట అనేసరికి జనం పడిపడి నవ్వేవాళ్లు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఆట అయ్యాక పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని అది ఎలా చేశారో నేర్పేవారు. మా విద్యలో అంతకు మించిన పాపం లేదు. ఒకసారి ఆళ్లగడ్డ బడిలో నేను రూపాయి బిళ్ల మాయం చేస్తే, ముందు వరస నుంచి చివరి వరస దాకా ఒకటే అరుపు: "బిళ్ల ఏళ్ల సందులో ఉండాది!"

కోటు విప్పకుండానే చర్చికి పోయి నిలదీశాను. "ఏందయ్యా, నా నోట్లో మన్ను కొడతాండావ్?"

ఆయన కుర్చీ వేసి, టీ తెప్పించారు. "తెలిసినాక గూడా చూడబుద్దయితేనే గదన్నా అది విద్య" అన్నారు.

ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆయన విషయంలో అది నిజం కాబట్టి. గుట్టు తెలిసిన పిల్లలే ఆయన ఆటకు మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు. పిల్లల దాకా ఎందుకు, మా ఆవిడ నా ఆట చూసి ఏనాడూ నవ్వలేదు. ఆయన నంద్యాలలో ఆడినప్పుడు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. అడిగితే, "నువ్వు జేస్తాంటే భయమైతాది. ఆయప్ప జేస్తాంటే నవ్వొస్తాది" అంది. కొన్నాళ్లు ఆమెతో సరిగా మాట్లాడలేదు.

నా ఆటలకు ఆయన తప్పకుండా వచ్చేవారు. ముందు వరసలో కూర్చుని, నేను బిళ్లను చేతిలో దాచగానే మెల్లగా తన బొటనవేలు రుద్దుకునేవారు. పక్కవాళ్లకు ఏమీ అర్థమయ్యేది కాదు, నాకు మాత్రం చెమటలు పట్టేవి. ఆట అయ్యాక చెవిలో అనేవారు: "నీ బొటనేలు బిగిసిందన్నా. ఈడ ఏందో ఉండాదని అదే చెప్తాండాది." నా ఆట నడిచేటప్పుడు నోరు విప్పింది లేదు. ఆ మంచితనం కూడా నాకు గిట్టేది కాదు. ఒక్కసారైనా ఆయన కళ్లు కప్పాలని, గాజులు తొడిగేటప్పుడు కూడా వేలు వదులు చేసుకుంటూ సాధన చేశాను. ఇవాళ నా చేతిలో ఏ కాస్త పనితనం ఉన్నా అది ఆయన పెట్టిందే. కానీ ఆ ఒక్కసారి మాత్రం రాలేదు.

ఫోన్ వచ్చిన రోజు సాయంత్రం ఆళ్లగడ్డలో, సమాధి దగ్గర మా ఆవిడ వెక్కివెక్కి ఏడుస్తుంటే, నేను పోతే ఇంత ఏడుస్తుందా అనిపించింది. జనం వరసగా వచ్చి మట్టి వేస్తున్నారు. ఒక ముసలామె మట్టి వేసి, చేతులు దులుపుకుని, అరచేతులు రెండూ తిప్పి ఆయనకు చూపించింది. వెనకవాళ్లూ అంతే. చెయ్యమని ఎవరూ చెప్పలేదు. అందరూ ఆయన ఆట చూసి నేర్చుకున్నవాళ్లే.

నేను ముస్లింని. మాలోనూ మట్టి వేస్తాం, నాకది కొత్త కాదు. అయినా చేయి రాలేదు. చిన్న నల్లమట్టి గడ్డ తీసుకుని, వేసినట్టు విదిలించి, రెండు చేతులూ తిప్పి చూపించాను. ఖాళీ. అంత జనంలో ఒక్కరూ పట్టుకోలేదు, పక్కనే ఉన్న మా ఆవిడ కూడా.

గేటు దాటాక చూసుకున్నాను. మట్టిగడ్డ వేళ్ల మధ్య అలాగే ఉంది. బొటనవేలు కట్టెలా బిగిసి ఉంది. అంత బిగిసినా ఎవరూ చూడలేదు.