సెట్ పట్టికలో ఖాళీ గడి

నా చిన్నప్పుడు, స్టుట్‌గార్ట్‌లో మేమున్న తొలి ఏళ్లలో, మా ఇంట్లో జర్మన్ వచ్చిన మనిషిని నేనొక్కడినే. నాన్నకు ఆఫీసులో ఇంగ్లీషుతో గడిచిపోయేది. అమ్మ అప్పుడప్పుడే నేర్చుకుంటోంది. నాకు తొమ్మిదేళ్లు. ఎక్కడ టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఉన్నా, ఏ ఉత్తరం వచ్చినా అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. అది నాకు గర్వంగా ఉండేది. అర్థం కాని మాట వస్తే దాటేసి, ముందూ వెనకా చూసి ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. ఎవరూ పట్టుకోలేదు.

ఒక బుధవారం పొద్దున అమ్మ బీపీ చూపించడానికి డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఆవిడ కొత్త మాత్ర రాసింది. రోజుకొకటి అన్నది నాకు అర్థమైంది. తర్వాత పాత మాత్ర గురించి ఒక వాక్యం చెప్పింది. అందులో అసలు మాట నాకు తెలియదు. మళ్లీ అడిగితే వీడికి భాష రాదనుకుంటుందని తల ఊపాను.

మందుల షాపులో కొత్త మాత్రలు తీసుకుని బయటికొచ్చాక, "పాత గోలీ సంగతి ఏమన్నది రా?" అని అమ్మ అడిగింది. అది వేసుకుంటే నోరంతా చేదని ఆమె రోజూ విసుక్కునేది.

"బంద్ చెయ్యమన్నది."

"పీడ పోయింది," అని అమ్మ నవ్వింది. ఆ నవ్వు చూసి, నేను చెప్పింది నిజమేనని నేనూ నమ్మేశాను.

ఇంటికి రాగానే అమ్మ కొత్త మాత్ర వేసుకుంది. మధ్యాహ్నానికి తల తిరుగుతోందని పడుకుంది. నేను ఎప్పటిలాగే హోంవర్క్ పట్టుకుని కింది ఫ్లాట్‌లోని నార్వే ఆంటీ దగ్గరికి వెళ్లాను. యంత్రాలతో పాటు వచ్చే ఇంగ్లీషు పుస్తకాలను నార్వే భాషలో రాయడం ఆమె పని. ఆ రోజు ఆమె బల్ల మీద ఒక పొడవాటి పట్టిక ఉంది. పైన సెట్ అన్న ఒక్క ఇంగ్లీషు మాట. నార్వేలో కొత్తగా ఈ అనువాదం పనిలో చేరేవాళ్ల కోసమట. వాళ్ల భాషలోనూ దాదాపు అలాగే పలికే మాట ఉంది, ఏదైనా ఒకచోట పెట్టడమని. అందుకే ఇంగ్లీషులో ఎక్కడ సెట్ కనిపించినా అదేననుకుని ముందుకు పోతారట. ఇంగ్లీషులో అన్నిటికీ సెట్టే అయినా, అలారం పెట్టడానికి వాళ్లకు వేరే మాట, భోజనాల బల్ల సర్దడానికి వేరే, సూర్యుడు అస్తమించడానికి వేరే, సిమెంటు గట్టిపడటానికి వేరే. నేను వేలితో గడులు లెక్కపెడుతూ పోయాను. పదకొండోది ఖాళీగా ఉంది. జిగురు పెట్టే యంత్రం గురించి, సెట్ అయ్యేదాకా మూత తెరవొద్దని అక్కడి వాక్యం. వేడి సరిచేసేదాకానా, జిగురు గట్టిపడేదాకానా అన్నది అందులో లేదు.

ఇదెందుకు రాయలేదని అడిగాను.

"నాకు తెలీదు. రేపు ఫ్యాక్టరీకి ఫోన్ చేసి అడుగుతా," అంది జర్మన్‌లో. "నేను ఊహించి రాస్తే ఎవరో చెయ్యి కాల్చుకుంటారు."

ఆమె మామూలుగానే అంది. నాకు మాత్రం అరచేతులు చల్లబడ్డాయి. పైన అమ్మ పడుకుని ఉంది. నేను ఆపించిన మాత్ర ఆపకూడనిదైతే? పొద్దున జరిగిందంతా ఆమెకు చెప్పేశాను, ఏడుస్తూ. ఆంటీ తిట్టలేదు. పెన్ను మూత పెట్టి, బూట్లు వేసుకుని, "ముందు అమ్మను చూద్దాం," అంది.

పైకి వెళ్లి బెల్ కొట్టాం. తలుపు తెరుచుకోలేదు. మళ్లీ కొట్టాం. నా జీవితంలో అంత పొడవైన నిమిషం మరొకటి లేదు. జుట్టు ముడి వేసుకుంటూ అమ్మ తలుపు తీసింది. ఆంటీ డాక్టర్‌కు ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు పలికింది. బుధవారం మధ్యాహ్నం వాళ్లకు సెలవు. ఇక రెండు మాత్రల డబ్బాలూ పట్టుకుని ముగ్గురం మందుల షాపుకు నడిచాం. దారి పొడవునా నేను అమ్మ ముఖం రంగు చూస్తూనే ఉన్నాను.

షాపు ఆయన రెండు డబ్బాలూ తిప్పి చూశాడు. రెండూ కలిపి వాడకూడదు, పాతది ఆపాల్సిందే అన్నాడు. కొత్తదానికి మొదట్లో కొంచెం తల తిరగడం మామూలేనట.

తిరిగి వస్తుంటే అమ్మ నా చెవి మెలిపెట్టింది. "తెల్వకపోతే తెల్వదని చెప్పు రా. నిన్నేమన్న డాక్టరు చదువు చదివిస్తున్ననా నేను?" తర్వాత ఆ చెయ్యి చెవి వదిలి భుజం మీదే ఉండిపోయింది.

నా ఊహ తప్పలేదు. ఆ రోజు నుంచి నాలో మిగిలిన భయం అదే. అమ్మకు ఏది నచ్చుతుందో అది చెప్పాను, అది సరిపోయింది, అంతే. ఆమెకు పాతదే ఇష్టమై ఉంటే, అంతే ధీమాగా రెండూ వేసుకోమని చెప్పేవాణ్ణి.

ఇప్పుడు నేను కార్ల బ్రేకుల సాఫ్ట్‌వేర్ పరీక్షించే పనిలో ఉన్నాను. పరీక్ష ఫెయిలైతే నాకు కంగారు లేదు, ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. ఎందుకు పాసైందో చెప్పలేని పరీక్ష వస్తేనే నా చేతులు చల్లబడతాయి. "పాసైంది కదా బాస్, ఇంకేం కావాలి?" అని తోటివాళ్లు నవ్వుతారు. నేను సంతకం పెట్టను. ఆ పరీక్షను మొదటి నుంచి మళ్లీ నడుపుతాను.