దొరల ఒంటి మీద మనోళ్ల తలలు

ఖిల్లా ఘణపూర్‌లో ఫొటో స్టూడియో హైదర్ కంట పడ్డారంటే సాయంత్రానికి మీ తల మీ ఒంటి మీద ఉండదు. ఏనాటిదో పాత బొమ్మలోని ఏ తెల్లదొర మెడ మీదో ఉంటుంది. కింద నాలుగు మాటల వెటకారం కూడా ఉంటుంది.

ఆ పిచ్చి అతనికి ఇంటర్నెట్‌తో పట్టింది. పేరుమోసిన పాత పెయింటింగులు వెతికి వెతికి దించుకునేవాడు. ఒక్కో బొమ్మ నెత్తి నుంచి కాళ్ల దాకా దిగేసరికి చాయ్ చల్లారేది, భార్య చాంద్‌బీ వేడెక్కేది. గల్లాపెట్టె దగ్గర కూర్చుని జనం తిట్లు తినేది ఆవిడే మరి.

వంతెన మీద చెంపలు పట్టుకుని అరిచే మనిషికి రైతు దేవదాసు తల తగిలించి, "మోటరు మళ్ల కాలిపాయె!" అని రాశాడు. నవ్వీ నవ్వనట్టు కూర్చున్న దొరసానికి కూరగాయల అమృతమ్మ ముఖం పెట్టి, "టమాట ధర జెప్తె మీరే ఏడుస్తరు" అన్నాడు. అవన్నీ దుకాణం అద్దానికి అంటించేవాడు. పట్నంలో చదివే ఊరి పిల్లలకు ఈ-మెయిల్లో పంపేవాడు.

అమృతమ్మ గంపతో సహా వచ్చి దులిపేసింది.

"ఏంది హైదర్, నా నెత్తి మీద కొంగేది? అత్తగారోళ్లు జూస్తె ఏమంటరు?"

"గీస్త తీయక్కా."

గీశాడు కూడా, ఆకుపచ్చ కొంగు. ఆ తర్వాత వారం రోజులు అమృతమ్మ దారి మార్చుకుని మరీ ఆ అద్దం ముందు నుంచే పోయింది.

"అజీ, పాస్‌పోర్టు ఫొటోకొచ్చినోళ్లు మిమ్మల్ని జూసి ఉరుకుతున్నరు" అని చాంద్‌బీ నెత్తి కొట్టుకునేది. "ఎప్పుడు జూడు గీ కూలోళ్లు, గొర్లోళ్లేనా? సర్పంచు తల పెట్టున్రి, జర దమ్ముంటె!"

"సర్పంచుకు ఫొటోలు మస్తున్నయ్ లే."

రెండు వేల తొమ్మిదిలో వానలు ముఖం చాటేశాయి. చేలు ఎండాయి, బోర్లు ఎండాయి, ఊరు నవ్వడం మానేసింది. అద్దం మీది బొమ్మలకేసి ఎవరూ తలెత్తి చూడలేదు. ఊరు ఏడుస్తుంటే తన మొగుడు వేళాకోళాలాడుతున్నాడని చాంద్‌బీ సిగ్గుతో చచ్చిపోయేది.

ఒక పొద్దున పెంటమ్మ వచ్చింది. గొర్లు కాసే చిన్నయ్య భార్య. చిన్నయ్య జ్వరమని దవాఖానకు పోయి, తిరిగి రాలేదు. తొమ్మిది రోజులైంది.

"తమ్మీ, రేపు దినాలు. ముంగట పెట్టనీకి ఫొటో లేదు. జిందగీల గీ కార్డుకు తప్ప ఒక్క ఫొటో దిగలే మనిషి." కొంగు ముడి విప్పి రేషను కార్డు తీసింది. చిన్నయ్య ముఖం ఉండాల్సిన చోట నల్ల మరక ఉంది. "బిడ్డ కడుపుతోటున్నది. పుట్టేటోనికి తాత గిట్లుంటుండె అని ఏం జూపియ్యాలె?"

చాంద్‌బీ కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది. మరకలోంచి ముఖాన్ని ఎవరు మాత్రం తీయగలరు?

హైదర్ కంప్యూటర్ తెరిచాడు. ఆ పెట్టెలో ఏముందో చాంద్‌బీ చూడటం అదే మొదలు. అన్నీ తలలే. కూలోళ్లు, గొర్లకాపరులు, ముసలవ్వలు, రెండొందల మందికి పైనే. ఒక్కొక్కరికి దొర వేషం ఒకటి, పక్కనే మామూలు ముఖం ఒకటి, కింద పేరూ ఊరూ.

చిన్నయ్య బొమ్మ తెర మీదికొచ్చింది. ముందుకాళ్లు లేపిన తెల్లగుర్రం మీద ఎర్రశాలువా ఎగిరిపోతుంటే, మబ్బులకేసి వేలు చూపిస్తున్నాడు. కింద రాత: "అగో మొగులైంది! ఇయ్యాల ఖాయంగ పడ్తది!"

చాంద్‌బీ తెరను చేత్తో కప్పబోయింది. పోయిన మనిషిని ఇట్లా చూపిస్తారా ఎవరైనా!

పెంటమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. భుజాలు అదిరాయి. ఏడుస్తోందనుకున్నారు. కళ్లలో నీళ్లున్నాయి కానీ, నవ్వుతోంది.

"దినాం పొద్దుగాల లేసి గిదే మాట తమ్మీ! గిదే వేలు! ఒక్కనాడు నిజం గాలే!"

"ఉత్త ముఖం గూడ ఉందక్కా. దినాలకు అది తీసిస్త."

"అది గోడకు పెడ్త. గుర్రం గూడ ఇయ్యి. పొల్లగానికి ముందుగాల గదే జూపిస్త."

ఆమె రెండు ఫొటోలూ కొంగులో దాచుకుని పోయాక చాంద్‌బీ మొగుడి వైపు తిరిగింది.

"గీ ముచ్చట నాకెందుకు జెప్పలే?"

"ఫొటో దిగున్రి అంటె పైసల్లేవంటరు. పైసలొద్దంటె సిగ్గువడ్తరు. మజాక్ అంటె నవ్వుకుంట కూసుంటరు." హైదర్ తెర వైపే చూస్తూ అన్నాడు. "మా అమ్మకు ఫొటో లేదు. ఇప్పుడు ముఖం యాదికొస్తలేదు."

చాంద్‌బీ వీధి వైపు చూసింది. బయట ముసలి జములమ్మ కట్టెల మోపుతో పోతోంది. చాంద్‌బీ గడప దాటి కేకేసింది.

"జములవ్వా, జర ఆగు! ఒక రాణికి తల తక్కువైంది, నీదియ్యి!"